చర్చి మీది మైకు ఎటు తిరిగి ఉంది?

మా ఊరి చర్చి మీద రెండు మైకు గొట్టాలు ఉండేవి. ఒకటి మా దళితుల పేట వైపు, రెండోది ఊరి వైపు. గోదావరి డెల్టాలో పెరిగినవాళ్ళకు పేటకూ ఊరికీ మధ్య దూరం ఎంతో విడమరచి చెప్పక్కర్లేదు. మధ్యలో ఒక పంట బోదె, దాని మీద తూము, అంతే. నడిస్తే మూడు నిమిషాలు. మా తాత మాత్రం ఆ మూడు నిమిషాలూ చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాడట.

కరోనాకు ముందు సంవత్సరం అనుకుంటాను, ఊళ్లోవాళ్ళు వచ్చి గొడవ పెట్టుకున్నారు. తెల్లారుజామున నాలుగున్నరకే పాట మొదలవుతోంది, పరీక్షలకు చదువుకునే పిల్లలున్నారు, బీపీ ఉన్న ముసలాళ్ళున్నారు, ఆ గొట్టం ఇటు నుంచి తిప్పెయ్యండి అని. ధనుర్మాసం నెలంతా రామాలయం మైకు నాలుగింటికే మోగుతుంది కదా, మేమేమైనా అన్నామా అని మావాళ్ళు. టీకొట్టు దగ్గర మాటా మాటా పెరిగింది. పాస్టరు గారు మధ్యలోకి వచ్చి ఒక మాటన్నారు: "పేటలో ఉన్నవాళ్ళందరూ నమ్ముకున్నవాళ్ళే. సువార్త వినాల్సింది ఊళ్లోవాళ్ళు. గొట్టం అటు కాకపోతే ఇంకెటు పెడతాం?"

అక్కడే గ్లాసులు కడుగుతున్న మా పిన్ని తలెత్తి చూసింది. "ముప్పై ఏళ్ళ నుంచి ఊళ్లో నాలుగిళ్ళల్లో పనికి పోతున్నానయ్యగారూ. ప్రభువు గురించి ఏమన్నా తెలుసుకోవాలంటే వాళ్ళు నన్ను చూసే తెలుసుకుంటారు. మైకులో విని కాదు."

పాస్టరు గారిది ఒక రకం మిషన్, మా పిన్నిది ఇంకో రకం. నలుగురు నాలుగు దేవుళ్ళను కొలుచుకునే చోట, పక్కింటివాడి నమ్మకం మన నమ్మకం కాని చోట, ఈ రెంటిలో ఏది నిలుస్తుంది అన్నది నన్ను చాలాకాలంగా తొలుస్తున్న ప్రశ్న.

"మిషన్" అనే మాట మన నోట్లో రెండు పనులు చేస్తుంది. కుట్టు మిషన్, రైసు మిషన్ అన్నప్పుడు అది యంత్రం. మిషన్ ఆసుపత్రి, మిషన్ కాంపౌండ్ అన్నప్పుడు అది క్రైస్తవ సువార్త పని. పలకడంలో తేడా లేదు. ఒకప్పుడు పేటలో ఆడవాళ్ళకు కుట్టు మిషన్లు పంచితే "మిషనోళ్ళు మిషన్లిచ్చారు" అని పిల్లలు పాట కట్టారు. నవ్వులాటే గానీ, చాలామంది బుర్రలో ఈ రెండు అర్థాలూ నిజంగానే కలిసిపోయి ఉన్నాయి. ఇటు డబ్బు వేసి మీట నొక్కితే అటు విశ్వాసులు బయటికొచ్చే యంత్రం అని. దాన్ని చూసి భయపడేవాళ్ళూ అలాగే అనుకుంటారు, విదేశాలకు రిపోర్టులు రాసుకునే కొందరు పాస్టర్లూ అలాగే అనుకుంటారు.

ఈ డెల్టాలో మిషన్ అలా మొదలు కాలేదు. 1836లో ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు తమ తమ భార్యలతో సహా ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ అనే మిషనరీ వెంట మన దేశానికి వచ్చారు. పెద్ద చదువుల దొరలు కారు, చేతిపనులవాళ్ళు. వెనక నెలనెలా జీతం పంపే సంస్థ లేదు. దేవుడే చూసుకుంటాడన్న నమ్మకం తప్ప. మచిలీపట్నంలో దిగి, తెలుగు నేర్చుకుని, నరసాపురం, పాలకొల్లు వైపు వచ్చారు. తర్వాతి రోజుల్లో గోదావరి డెల్టా మిషన్ అని పేరొచ్చిన బ్రదరెన్ అనే ప్రొటెస్టెంట్ శాఖ సంఘాల మూలం అక్కడుంది. 1840ల్లో జర్మనీ లూథరన్లు రాజమండ్రిలో పని మొదలెట్టారు, కొన్నేళ్ళకే దాన్ని అమెరికన్ లూథరన్లు తీసుకున్నారు. 1847లో ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని మొదలైంది. 1852కల్లా పూర్తయింది. ఆ పనికి వచ్చిన కూలీల మధ్యకు బౌడెన్, బీర్ వెళ్ళి సువార్త చెప్పారు. ఆనకట్ట తర్వాత కాలవలు వచ్చాయి, కాలవల్లో పడవలు వచ్చాయి, మిషనరీలు పడవల మీదే ఊరూరూ తిరిగారు. నీళ్ళు వెళ్ళిన దారినే సువార్తా వెళ్ళింది. కాకపోతే నీళ్ళు భూమి ఉన్నవాళ్ళ చేలల్లోకి మళ్ళాయి, సువార్త భూమి లేనివాళ్ళ పాకల్లోకి మళ్ళింది.

కాటన్ సంగతి తల్చుకుంటే నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. ఆయన మంచి భక్తిపరుడైన క్రైస్తవుడు. కూతురు లేడీ హోప్ అయితే ఏకంగా సువార్త ప్రచారకురాలు. అయినా మన జిల్లాల్లో ఏ సెంటర్లో చూసినా గుర్రం మీదో నిలబడో కాటన్ దొర విగ్రహం కనబడుతుంది, పూలదండ వేసేది రైతులు, గోదావరి స్నానం చేస్తూ భగీరథుడితో సమానంగా ఆయన్ని తలుచుకునే పండితులున్నారు. ఆయన ఏ మతం అని ఎవరూ అడగరు. బౌడెన్, బీర్ పేర్లు మాత్రం నరసాపురం దాటితే క్రైస్తవుల్లోనే చాలామందికి తెలియదు. కాటన్ ఇచ్చినదానికి షరతు లేదు కాబట్టి ఆయనకు దండ పడింది అని ఒక మిత్రుడు అంటాడు. నేను సగమే ఒప్పుకుంటాను. కాటన్ నీళ్ళివ్వడంతో ఊరి పెత్తనం ఎవరి చేతిలో ఉందో వాళ్ళ చేతిలోనే ఇంకా గట్టిపడింది, అందుకని ఆయనతో ఎవరికీ పేచీ రాలేదు. పాకలో దీపం పెట్టి అక్షరాలు దిద్దించినవాడితో పేచీ వస్తుంది. కూలికి రమ్మంటే "మా పిల్లాడు బడికెళ్ళాడు బాబూ" అనే జవాబు మొదటిసారి విన్నవాడికి అది నచ్చదు కదా.

మిషన్ అంటే తెల్లవాళ్ళు తెచ్చి అంటించినది అనే మాట కాకినాడ దగ్గర పూర్తిగా తేలిపోతుంది. అక్కడ బాప్టిస్టు పని మొదలుపెట్టింది కెనడావాళ్ళు కాదు, థామస్ గాబ్రియేలు అనే తెలుగువాడు. చేస్తున్న ఉద్యోగం వదిలేసి, అప్పులపాలై, చేయూత కోసం కెనడా బాప్టిస్టులను పిలిచాడు. ఆ పిలుపు మీదే 1874లో జాన్ మెక్‌లారిన్ కాకినాడ వచ్చాడు. ఆయన పేరుతో హైస్కూలు ఉంది, అందరికీ తెలుసు. గాబ్రియేలు పేరు తెలిసినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటంతమంది. తర్వాతి తరంలో రాజమండ్రి దగ్గర జేగురుపాడు మనిషి ముంగమూరి దేవదాసు అయ్యగారు లూథరన్ సంఘంలోంచి బయటికొచ్చి 1938లో బైబిలు మిషను పెట్టారు. విదేశీ డబ్బు లేదు, విదేశీ పెత్తనం లేదు. ఇప్పుడు తెలుగునాట ఆ సంఘాలు లేని జిల్లా లేదు.

ఇక్కడ ఒక వ్యాకరణం ముచ్చట చెప్పాలి. పేపర్లో వార్త వస్తే "మతం మార్చారు" అని వస్తుంది. కొంచెం మర్యాదగల పేపరైతే "మతం మారారు" అంటుంది. మా ఊరి పెద్దకులాలవాళ్ళు "ఫలానావాళ్ళు కిరస్తానంలో కలిసిపోయారు" అంటారు, ఏరు వెళ్ళి సముద్రంలో కలిసిపోయినట్టు. మా నాయనమ్మ ఈ మూడు మాటలూ ఎప్పుడూ వాడలేదు. "మీ ముత్తాత కాలంలో మనం నమ్ముకున్నాం" అనేది. నాలుగు క్రియలు, నాలుగు లోకాలు. మొదటిదాంట్లో మా ముత్తాత ఒక బస్తా, ఎవరో ఎత్తి ఒక బండిలోంచి ఇంకో బండిలో వేశారు. ఆఖరిదాంట్లో ఆయన ఒక మనిషి, ఆలోచించుకుని ఒక తీర్మానానికి వచ్చాడు.

మన చట్టం చుట్టూ నడిచే గొడవంతా ఈ క్రియల దగ్గరే ఉంది. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని నమ్మే, ఆచరించే, ప్రచారం చేసే హక్కు ఇచ్చింది. ఆ "ప్రచారం" అనే మాట ఉండాలా వద్దా అని 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో గట్టి చర్చే జరిగింది. ఉంచారు. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, ప్రచారం అంటే తన మతంలోని విషయాలను చెప్పుకునే హక్కే తప్ప ఇంకొకరిని తన మతంలోకి మార్చే హక్కు కాదంది. బలవంతంతో, ప్రలోభంతో మతం మార్చడాన్ని నిషేధిస్తూ ఒడిశా 1967లోనూ మధ్యప్రదేశ్ 1968లోనూ చేసిన చట్టాలు నిలబడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో అలాంటి సాధారణ చట్టం లేదు. తిరుమల లాంటి క్షేత్రాల పరిధిలో అన్యమత ప్రచారం చేయకూడదని 2007లో తెచ్చిన నిబంధన ఉంది.

ఆ స్టానిస్లాస్ తీర్పు అంటే మన పాస్టర్లకు కోపం. నాకు అంత కోపం లేదు. మనిషి మనిషిని మార్చలేడు, అది పరిశుద్ధాత్మ పని అని ప్రతి ఆదివారం చెప్పేది వాళ్ళే కదా. "ఇంకొకరిని మార్చే హక్కు నీకు లేదు" అని కోర్టు అంటే వాళ్ళ బోధనే తిప్పి చెప్పినట్టు. నాకున్న పేచీ వేరు. ఆ తీర్పులో చెప్పేవాడి గురించి మాట్లాడారు, వినేవాడి గురించి పెద్దగా మాట్లాడలేదు. మా ముత్తాత లాంటివాడు తనంతట తాను ఒక తీర్మానానికి వస్తే ఆ తీర్మానం ఎవరిది? దాన్ని కలెక్టరుకు అర్జీ పెట్టుకుని నిరూపించుకోవాలని ఇప్పుడు చాలా రాష్ట్రాలు అడుగుతున్నాయి. కూలివాడు తనకు తానుగా ఆలోచించలేడు, ఎవరో ఒకరు వాడికి ఆశ పెట్టే ఉంటారు అన్న అనుమానం ఆ అడగడంలో ఉంది. అది నాకు మింగుడుపడదు.

మైకు విషయానికొస్తే మాత్రం కోర్టు మాట సూటిగా ఉంది. 2000లో చెన్నైలోని ఒక పెంతెకొస్తు చర్చి కేసులో, మైకులు పెట్టి పక్కవాళ్ళ ప్రశాంతత చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పలేదంది సుప్రీంకోర్టు. అదే సంవత్సరం వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మైకు కూడదు. అది గుడికీ మసీదుకీ చర్చికీ ఒకటే. మా ఊళ్లో ఎవరూ పాటించరు, అది వేరే విషయం.

ఇక అసలు చిక్కు ఇంట్లో ఉంది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతం. పాలకొల్లు నుంచి అమలాపురం దాకా ఒక ఆదివారం బైకు మీద వెళ్ళినవాడెవడూ ఆ అంకె నమ్మడు. కారణం అందరికీ తెలిసిందే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే, తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవుడైతే ఎస్సీ కాదు, మన రాష్ట్రంలో బీసీ-సీ, దానికి 1 శాతం రిజర్వేషన్. 2025 ఏప్రిల్‌లో మన హైకోర్టు ఒక పాస్టరు కేసులో, క్రైస్తవంలోకి వెళ్ళినవారికి ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ చట్టం రక్షణ వర్తించదని కూడా చెప్పింది. చర్చిలో ఒక పేరు, రేషన్ కార్డులో ఒక పేరు అందుకే.

నేను పదో తరగతిలో ఉండగా కుల ధ్రువపత్రం కోసం విచారణకు ఒక ఉద్యోగి వస్తున్నాడని కబురొచ్చింది. మా అమ్మ గబగబా గోడ మీదున్న యేసుక్రీస్తు క్యాలెండరు తీసి మంచం కింద పెట్టింది. మేకు మిగిలింది. ఉత్త మేకు బాగోదని దానికి గోధుమపిండి జల్లెడ తగిలించింది. ఆయన వచ్చాడు, కుర్చీలో కూర్చున్నాడు, మజ్జిగ తాగాడు, గోడ వైపు చూశాడు. గోడ మీద క్యాలెండరు ఉన్నంత మేర సున్నం తెల్లగా, చుట్టూ పొగచూరి ఉంది. ఆయనకు అర్థమైంది, మాకు అర్థమైందని కూడా ఆయనకు అర్థమైంది. సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి అమ్మ క్యాలెండరు మళ్ళీ తగిలించి చాలాసేపు ప్రార్థన చేసుకుంది. ఏమని చేసిందో నేను అడగలేదు.

ఇంత అబద్ధం మధ్య "సాక్ష్యం" (తన నమ్మకాన్ని మాటతో, బతుకుతో చూపడం) అనే మాట వాడటం ఎంత కష్టమో బయటివాళ్ళకు తెలియదు. ఇది క్రైస్తవుల కపటం అని తేలిగ్గా అనేస్తారు. దేవుడు మారినా కులం మారలేదు, పేట అక్కడే ఉంది, బోదె అక్కడే ఉంది, మరి హోదా ఎందుకు మారాలి అన్న ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పరు. అయితే ఈ ప్రశ్న వేసేటప్పుడు క్రైస్తవులు కూడా కాస్త తల దించుకోవాలి. మాల చర్చి, మాదిగ చర్చి అని జనం మామూలుగానే అంటారు, మనమూ అంటాం. చర్చిలో ఒకే ప్రభురాత్రి భోజన సంస్కారపు గిన్నెలోంచి తాగేవాళ్ళు పిల్లనిచ్చి పుచ్చుకోవడానికి వచ్చేసరికి వెనకా ముందూ చూస్తారు. ఊళ్లోకి గొట్టం తిప్పే ముందు ఈ పని ఉంది.

ప్రపంచంలో ఈ చర్చ ఎటు వెళ్ళిందో కూడా చూడాలి. 1910లో ఎడిన్‌బరోలో పెద్ద మిషనరీ మహాసభ జరిగింది. ఈ ఒక్క తరంలోనే లోకమంతటికీ సువార్త అందించేద్దాం అన్న ఊపు మీద ఉన్నారందరూ. అందులో తెలుగువాళ్ళ మధ్య పనిచేస్తున్న ఒక తమిళ యువకుడు లేచాడు. వేదనాయగం అజరయ్య, తర్వాత రెండేళ్ళకు దోర్నకల్ బిషప్ అయ్యాడు. మీరు పేదలకు ఆస్తులిచ్చారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, మేం ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నాడు. హాల్లో చాలామందికి నచ్చలేదు. దొరది పెట్టే చేయి, మనది పుచ్చుకునే చేయి, ఈ వరస స్నేహం కాదని ఆయన చెప్పింది. అదే అజరయ్యకు 1930ల్లో గాంధీగారితో వాదం నడిచింది. సేవ చెయ్యండి, మతం జోలికి పోకండి అని గాంధీగారు. దళితుడికి తన మంచిచెడ్డలు తాను ఎంచుకునే తెలివి ఉందని అజరయ్య. ఇద్దరివీ పెద్ద మనసులే. నేను ఈ విషయంలో అజరయ్య వైపు.

తర్వాత చాలా జరిగింది. 1952లో జర్మనీలోని విల్లింగెన్ సభ దగ్గర నుంచి, మిషన్ అనేది చర్చి పని కాదు, ముందు దేవుడి పని, చర్చి దాంట్లో పాలుపంచుకుంటుందంతే అనే ఆలోచన బలపడింది. 1965లో కథోలికుల రెండో వాటికన్ సభ, ఇతర మతాల్లో ఉన్న సత్యాన్నీ పవిత్రతనూ తాము తోసిపుచ్చమంది. 2011లో కథోలికులు, ప్రొటెస్టెంట్లు, ఇవాంజలికల్స్ ముగ్గురూ కలిసి, అనేక మతాల మధ్య సాక్ష్యం ఎలా చెప్పాలో ఒక పత్రం రాసుకున్నారు. ప్రలోభం కూడదు, స్వస్థత పేరుతో జబ్బుమనిషి నిస్సహాయతను వాడుకోకూడదు, మతం మారాలనుకున్నవాడికి ఆలోచించుకునే వ్యవధి ఇవ్వాలి అని అందులో ఉంది. మన డెల్టాలో సువార్త సభల వాల్‌పోస్టర్లు అచ్చువేసేవాళ్ళలో ఎంతమంది ఆ పత్రం చూసి ఉంటారో. మద్రాసులో బిషప్‌గా చేసిన లెస్లీ న్యూబిగిన్ 1974లో ఇంగ్లండు తిరిగి వెళ్ళి, ఇక్కడికంటే అక్కడ సువార్త చెప్పడమే కష్టంగా ఉందన్నాడు. బౌడెన్‌నీ బీర్‌నీ పంపిన దేశం సంగతి అది.

ఈ పెద్ద మాటలన్నీ నాకు అర్థమైంది కువైట్ నుంచి వచ్చిన ఒక ఫోన్ కాల్‌లో. మా జిల్లాల నుంచి ఇంటిపనికి గల్ఫ్ వెళ్ళిన ఆడవాళ్ళు వేలల్లో ఉంటారు. నాకు చెల్లెలి వరస అయ్యే ఒకామె అక్కడ పన్నెండేళ్ళుంది. ఆదివారం సెలవుండదు, చర్చి శుక్రవారమే. ప్రహరీ గోడ ఉన్న ఆవరణలో గంటకో భాష వాళ్ళకు ఆరాధన. గోడ బయట ముస్లింలకు సువార్త చెప్పడానికి వీల్లేదు, చెబితే వెనక్కి పంపించేస్తారు. "మరి నీ సాక్ష్యం ఎలాగే?" అన్నాను సరదాగా. మేడం వాళ్ళ అమ్మకు మంచంలోనే అన్నీ. పొద్దున్నే నూనె రాసి తల దువ్వేటప్పుడు ఈమె లోపల్లోపల కీర్తన అనుకుంటూ ఉంటుందట. ఒకరోజు ఆ ముసలావిడ, ఏం గొణుగుతున్నావ్ అని అడిగింది. భయపడుతూనే, దేవుడి పాట అని చెప్పింది. "అయితే కొంచెం గట్టిగా పాడు" అందట ఆవిడ. అప్పటి నుంచి రోజూ గట్టిగా పాడుతుంది. ఆవిడ తన తస్బీహ్ (జపమాల) తిప్పుకుంటూ వింటుంది. ఒకరు ఇంకొకరిని మార్చలేదు. అక్కడ మైనారిటీగా బతికే మా చెల్లెలు అడిగే స్వేచ్ఛ ఎంతో, ఇక్కడ ఊరివాళ్ళ చెవులకు మనం ఇవ్వాల్సిన స్వేచ్ఛ కూడా అంతే కదా అని ఆ రోజు తోచింది.

ఇక్కడ మన సంఘాల మీద నాకున్న కోపం కూడా రాయాలి. ఊళ్లో నుంచి హిందూ ఆడవాళ్ళు శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వస్తారు. భర్త తాగుడో, పిల్లకు సంబంధం కుదరకపోవడమో, ఏదో ఒక టెన్షన్. "ప్రార్థనకు వస్తుంది గానీ ఇంకా నీళ్ళలోకి దిగలేదు" అంటారు, అంటే బాప్తిస్మం తీసుకోలేదని. మార్చిలో గౌరీపట్నం నిర్మలగిరి ఉత్సవానికి వెళ్ళి కొవ్వొత్తి వెలిగించేవాళ్ళలో కూడా వాళ్ళు చాలామంది ఉంటారు. మన జనానికి ఈ రాకపోకలు కొత్త కాదు. కానీ కొన్ని కొత్త సంఘాల్లో రెండో వారానికే బొట్టు తీసెయ్యమంటారు. ఆ బొట్టు తీసిన రాత్రి ఆ ఇంట్లో ఏం జరుగుతుందో, అత్తగారు ఏమంటుందో, పుట్టింటివాళ్ళు ఏమంటారో వాళ్ళకు పట్టదు. నాకు తెలిసిన ఒకాయన్ని, విశ్వాసం ఉంటే షుగర్ మాత్రలు ఎందుకని ఒక బోధకుడు ఆపించాడు. కాలు తీసేశారు. ఇదే డెల్టాలో నరసాపురంలో, భీమవరంలో, ఆకివీడులో, పిఠాపురంలో మిషన్ ఆసుపత్రులు కట్టినవాళ్ళ వారసులం మనం. ఆ ఆసుపత్రుల్లో పురుడు పోసుకున్న తల్లుల్లో నూటికి తొంభైమంది బొట్టు పెట్టుకుని వచ్చి బొట్టుతోనే బిడ్డనెత్తుకుని వెళ్ళి ఉంటారు. అందులో ఏ డాక్టరమ్మకూ తన పని వృథా పోయిందనిపించి ఉండదు.

వృథా అనే మాట వచ్చింది కాబట్టి రఘుపతి వెంకటరత్నం నాయుడుగారి సంగతి. ఆయన మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో మిషనరీ ప్రిన్సిపాల్ విలియం మిల్లర్ దగ్గర చదువుకున్నారు. మిల్లర్‌ది అప్పట్లో తోటి మిషనరీలకే నచ్చని పద్ధతి, పిల్లల్ని క్రైస్తవుల్ని చెయ్యాలన్న తొందర లేదాయనకు. నాయుడుగారు క్రైస్తవుడు కాలేదు, బ్రహ్మసమాజంలోకి వెళ్ళారు. తర్వాత కాకినాడ పీఆర్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉండి అమ్మాయిలకూ దళితుల పిల్లలకూ తలుపులు తెరిచారు. బాప్తిస్మాల రిజిస్టరులో మిల్లర్ ఖాతా కింద ఇది పడదు. నా లెక్కలో పడుతుంది.

డెల్టా ప్రశాంతంగా ఉంటుందని మనం చెప్పుకుంటాం గానీ ఆ ప్రశాంతత ఎంత పల్చనో ఈ మధ్యే చూశాం. 2020 సెప్టెంబరులో అంతర్వేదిలో స్వామివారి రథం కాలిపోయింది. ఎవరు చేశారో, ఎలా అంటుకుందో తేలకముందే దగ్గర్లోని చర్చి మీద రాళ్ళు పడ్డాయి. 2022 మే నెలలో కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టినందుకు అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. రెండోది మతం గొడవ కాదంటారు. పేటలో ఉన్నవాడికి ఆ తేడా అంత సులభంగా తెలియదు. అంబేడ్కర్ బొమ్మ, యేసుక్రీస్తు బొమ్మ ఒకే గోడ మీద పక్కపక్కన ఉంటాయి మా ఇళ్ళల్లో.

అమలాపురం గొడవ జరిగిన రెండు నెలల్లోపే జులైలో గోదావరి పొంగింది. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మా ఊరి దగ్గర ఏటిగట్టుకు గండి పడుతుందేమోనని రెండు రాత్రులు ఎవరూ పడుకోలేదు. కరెంటు పోయింది. జనరేటరు ఉన్నది చర్చిలోనే, క్రిస్మస్ కోసం కొన్నది. నీటిమట్టం ఎంతుందో, పడవ ఎక్కడికొచ్చిందో, పాలప్యాకెట్లు ఎక్కడ ఇస్తున్నారో పాస్టరు గారి కొడుకు గంటకోసారి మైకులో చెప్పాడు. అంతకు మూడేళ్ళ ముందు గొడవ తర్వాత ఊరి వైపు గొట్టాన్ని కొబ్బరితోట వైపు తిప్పేసి ఉంచారు. అప్పుడు గొడవ పెట్టుకున్నవాళ్ళలో ఇద్దరు ఆ వానలో తడుస్తూ వచ్చి, "మాకేం వినపడట్లేదు, దాన్ని మా వైపు తిప్పండి" అన్నారు. తడి నిచ్చెన, చీకటి. మా పిన్ని కింద టార్చి పట్టుకుని నిలబడింది.

నీళ్ళు తీశాయి. గొట్టం ఇప్పటికీ ఊరి వైపే ఉంది. ఆదివారం పాట దాంట్లోంచి రాదు, వైరు పీకి చుట్టచుట్టి గోడకు తగిలించారు. వానాకాలంలో ఏటిగట్టు సంగతి చెప్పాల్సి వస్తే కలుపుతారు.